పసుపు గుడ్డలో ఫోను

“విప్పుమా. నీకు దండం పెడతా, ఆ ముడి విప్పు.”

దేవుడి గూటి ముందు నిలబడి మునిశేఖర్ అలా అడగడం పొద్దుటి నుంచి నాలుగోసారి.

గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పసుపు గుడ్డ ముడుపు ఉంది. ముడుపులు మామూలుగా నిమ్మకాయంత ఉంటాయి. ఇది అరచేతంత పొడుగుంది. ఇందులో పదకొండు రూపాయలతో పాటు అక్కమ్మ బటన్ల ఫోను కూడా ఉంది మరి.

అక్కమ్మ గడప దగ్గర కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. కొడుకు వైపు చూడలేదు.

“వాన పడినాక విప్పుతా. స్వామికి చెప్పుకున్నా.”

“వాన పడినాక విప్పి ఏం సూస్తావు? అప్పటికి ఏం మిగిలుంటాది?”

“వానను సూస్తా.”

వంటింట్లో కోమలి నవ్వు ఆపుకోవడానికి గిన్నె ఒకటి గట్టిగా తోమింది.

మునిశేఖర్‌కు ఆ చప్పుడు కూడా ఎగతాళిగానే వినిపించింది. తెల్లవారుజామున శ్రీసిటీ కంపెనీ బస్సు ఎప్పటిలాగే వచ్చింది. ఎక్కబోతే డ్రైవరు చేతిలో పేర్ల కాగితం ఉంది. అందులో అతని పేరు లేదు. ఏసీలు చేసే కంపెనీలో అతనిది కాంట్రాక్టు పని. ఎండలు తగ్గుతున్నాయంటే ముందు తగ్గేది అలాంటి వాళ్ళ పేర్లే. టిఫిన్ క్యారియరు తెరవకుండానే ఇంటికి తిరిగి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి టీవీకీ దేవుడి గూటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

పని పోతే ఇంకొకటి చూసుకోవచ్చు. అతని భయం దాని గురించి కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరెకరా పోయి అక్కమ్మ పేరున వచ్చిన డబ్బు మొత్తం ఆ ఏసీల కంపెనీ షేర్లలోనే పెట్టి ఉన్నాడు. మిగిలిన ఎకరన్నరకు బోరు లోతు చేయించాల్సిన డబ్బది. రెండు నెలల్లో బోరుకూ డ్రిప్పుకూ రెండిటికీ సరిపడా వస్తుందని తల్లికి మాట ఇచ్చాడు. మార్చిలో మూడు షిఫ్టులు నడిచాయి. గేటు బయట లారీలు నిలబెట్టే చోటు లేదు. తన చేతులతో తానే ఎక్కిస్తున్న సరుకు, తన కళ్ళతో తానే చూస్తున్న లారీలు. ఇంతకన్నా రుజువు ఏం కావాలనుకున్నాడు.

ఖాతా అక్కమ్మ పేరున ఉంది. అమ్మాలంటే ఆమె ఫోనుకు ఆరంకెల మెసేజి వస్తుంది. ఆ ఆరంకెలు కొడితేనే అమ్మకం జరుగుతుంది. ఆ ఫోనునే పోయిన శుక్రవారం తలస్నానం చేసి వచ్చి ఆమె ముడుపు కట్టేసింది. ఆ రోజు మునిశేఖర్ నవ్వాడు. అప్పటికి అతనికి అమ్మే ఉద్దేశం లేదు.

“ముడుపంటే రూపాయి కడతారు. ఫోను కట్టినోళ్ళను యాడన్నా సూసినావామా?”

“ప్రియమైంది కట్టమన్నారు పెద్దోళ్ళు. ఈ ఇంట్లో దానికన్నా ప్రియమైంది ఏముండాది? లేస్తానే నువ్వు నా మొగం సూస్తావా, దాని మొగం సూస్తావా?”

“సరే, ఫోను ఉండనీ. లోపల సిమ్ము ఒకటి తీసియ్యి.”

“ముడుపులో సగం తీస్తారా ఎవురైనా?”

టీవీలో ఎర్ర అక్షరాలు కింద పరుగెడుతున్నాయి. అక్కమ్మ కాయలు ఒలవడం ఆపి, కళ్ళు చిట్లించి, కూడబలుక్కుని చదివింది.

“ఢిల్లీలో... మద్దతు... ఉప... సం...”

“ఉపసంహరణ అత్తా,” అంది కోమలి వంటింట్లోంచే.

“అంటే?”

“ఇస్తామన్న సాయం వెనక్కి తీసుకునేది.”

“ఎవురు తీసుకున్నారు?”

“ఇంకా తీసుకోలే. ఒక పార్టీ వాళ్ళు తీసుకుంటారేమో అంటాండారు.”

“ఏమో అనేదానికే ఇంత ఎర్రగా రాస్తారా?”

తొమ్మిదింపావు అయింది. మునిశేఖర్ చేతిలోని పెద్ద ఫోనులో అంకెలు కదలడం మొదలుపెట్టాయి. అన్నీ కిందికే.

“పోతాండాది. సూడు, పోతాండాది.”

“ఢిల్లీలో పార్టీకి మన శ్రీసిటీ ఏసీలకు ఏం సమ్మందం రా?”

“గవర్నమెంటు పడిపోతాదంటే అందురూ భయపడి అన్నీ అమ్ముకుంటారుమా. అందురూ అమ్ముతా ఉంటే మనం ఒకరం పట్టుకోని కూసుంటే ఎట్ల?”

“అందురూ పారిపోతాంటే ఎందుకు పారిపోతాండారో అడగాల. ఊరికే ఎనకాల పరిగెత్తేది గొర్రెలు.”

ఆ మాట అతనికి గుచ్చుకుంది. రెండడుగులు వేసి గూటి మీద చెయ్యి పెట్టాడు. పసుపు గుడ్డను అందుకోబోయాడు.

“మామా, దాన్ని ముట్టొద్దు.”

కోమలి ఎప్పుడు వంటింట్లోంచి వచ్చిందో తెలియదు. తడిచేతులతో గూటికీ అతనికీ మధ్య నిలబడి ఉంది. ఆమె మొగుడికి ఎదురుచెప్పడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

“నువ్వు కూడానా?”

“అత్త కట్టింది. అత్తే విప్పాల.”

“అందులో ఉండేది నీ మొగుని కష్టం.”

“కాదు. అత్త భూమి.”

కోమలి కళ్ళు కిందికి దించుకుంది గానీ పక్కకు జరగలేదు.

“ఆ ముడి మీద చెయ్యి పెట్టేది ఎంత కష్టమో నీకు తెల్దు మామా,” అంది, గొంతు తగ్గించి.

మునిశేఖర్ ఆ మాట పట్టించుకోలేదు. ఫోను తీసుకుని వాకిట్లోకి పోయాడు. తిరుపతిలో షేర్ల ఆఫీసులో పనిచేసే భానుచందర్‌కు ఫోన్ చేశాడు. ఖాతా తెరిపించింది అతనే.

“ఏం చేయమంటావు అబ్బా?” అన్న మాట, దానికి అవతలి నుంచి వచ్చిన జవాబు రెండూ లోపలికి వినిపించాయి.

“గంటకో వార్త అప్పా. నన్నేం సెప్పమంటావు? నా చేతిలో ఉండేది టీ గ్లాసు ఒకటే. అమ్మితే అమ్ము, లేకుంటే టీవీ ఆపేసి పండుకో.”

మునిశేఖర్‌కు ఆ రెండూ చేతకాలేదు.

*

పన్నెండు దాటింది. ఎర్ర అక్షరాలు మారాయి.

ఆ పార్టీ వాళ్ళు మైకుల ముందుకు వచ్చి, మేం ఎక్కడికీ పోలేదు, పోము అన్నారు. అంతే. పొద్దున కిందికి దూకిన అంకెలు ఒక్కొక్కటే ఎక్కి నిన్నటి చోటుకు వచ్చేశాయి. కొన్ని దాన్ని కూడా దాటాయి.

మునిశేఖర్ టీవీ కట్టేశాడు. తల్లి పక్కన వచ్చి కూర్చుని చాటలోంచి గుప్పెడు చెనక్కాయలు తీసుకుని ఒలవసాగాడు.

“పొద్దున నువ్వు విప్పింటే నేను అమ్మేసుందునుమా.”

“ఊ.”

“అడుగున అమ్మి నెత్తిన గుడ్డేసుకోనుందును. నీ ముడుపే కాపాడింది.”

“నా ముడుపు అక్కడే కూసోనుండింది. దానికి అడ్డం నిలబడింది నీ పెండ్లాము. దండం పెడితే ఆ యమ్మికి పెట్టు.”

అతను వంటింటి వైపు చూశాడు. దండం పెట్టలేదు గానీ, లేచి వెళ్ళి బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోయాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అతను నీళ్ళు పట్టడం అది రెండోసారో మూడోసారో.

అక్కమ్మ మనసు నిండిపోయింది. ఆమె మనసు అంతే, చిన్నవాటికే నిండుతుంది. మొగుడు మునెయ్య పోయినప్పుడు వేలిముద్ర వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచారు. ఏ కాగితం మీద పెట్టారో ఆమెకు తెలియదు. అదే అక్కమ్మ యాభయ్యారేళ్ళ వయసులో మొదటి అక్షరం దిద్దింది. కాగితం మీద కాదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాక, మిగిలిన ముగ్గుపిండితో కోమలి నేల మీద ఒక అక్షరం వేసేది. దాని పక్కన అత్త అలాంటిదే వేయాలి. రోజుకు ఒకటి. కోళ్ళు తొక్కేవి. మర్నాడు చీపురుతో ఊడ్చేసి కొత్తది. ఎదురింటి చెంగమ్మ, ఈ యమ్మ కలెక్టరాఫీసులో చేరతాదేమో అని దెప్పేది.

అక్కమ్మ మొదట చదివింది తన పేరు కాదు. బస్సు నెత్తిన బోర్డు. సత్యవేడు. అంతకుముందు జీవితమంతా, ఈ బస్సు యాడికి పోతాది నాయనా అని అడుగుతూ బతికింది. ఆ రోజు ఎవరినీ అడగలేదు. సీట్లో కూర్చుని ఊరు వచ్చేవరకు కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కండక్టరు, ఏమ్మా ఒళ్ళు బాగాలేదా అన్నాడు. బాగుండాది నాయనా, శానా బాగుండాది అంది.

ముగ్గురూ కలిసి అన్నానికి కూర్చున్నారు. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. పొద్దున తెరవని క్యారియరులోని చారు కూడా. వారం రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి తినడం అదే.

“పార్టీ భయం పోయింది,” అన్నాడు మునిశేఖర్, సంగటి తుంచుకుంటూ. “ఇంక ఎండ ఒకటి నిలబడితే చాలు. పదిరోజులు కాస్తే మళ్ళా పేర్లు రాస్తారు. షేరూ ఎక్కుతాది.”

“నాకు ఎకరన్నర తడవాల.”

“నీకు వాన, నాకు ఎండ. స్వామి ఎవురి మాట వింటాడో.”

“ముడుపు కట్టినోళ్ళ మాట వింటాడు.”

అతను నవ్వాడు. ఆ నవ్వుతోనే, “సోమవారం మాత్రం నా ఖర్మ,” అన్నాడు. “ఏసీల మీద పన్ను తగ్గిస్తారని ఢిల్లీ నుంచి వార్త, ఇంకా మూడు వారాలు ఎండలేనని వాతావరణం వాళ్ళ వార్త. రెండూ ఒకే రోజు. పదకొండు పదకొండున్నరప్పుడు షేరు యాడికి పోయిందో తెలుసా? అప్పుడు అమ్మింటే బోరు, డ్రిప్పు, రెండూ అయిపోయుండు. నేనేమో కంపెనీ లోపల లైనులో పని చేస్తా ఉండాను. ఫోను గేటు కాడ పెట్టెలో ఉండాది. సాయంత్రం బయటికి వచ్చి సూస్తే దిగిపోయింది.”

సంగటి వడ్డిస్తున్న కోమలి చెయ్యి గాలిలోనే ఆగింది.

“నేను ఆదివారమే సెప్పినా గదా,” అంది అక్కమ్మ. “గాలి తూర్పుకు తిరిగింది, చీమలు గుడ్లు మోసుకోని గోడెక్కుతాండాయి, వారం తిరక్కముందే వాన అని. నువ్వు చీమలకు శాటిలైటు ఉండాదా అని నవ్వినావు.”

“ఇప్పుడు మాత్రం పడిందా?”

“వారం తిరగనీ.”

కోమలి మారు వడ్డించకుండానే గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. ఆమె విస్తరిలో ముద్ద అలాగే ఉంది.

*

రెండున్నరకు ఇల్లు చీకటి పడింది.

మొదటి చినుకు పెరటి రేకు మీద పడింది. రాయి వేసినట్టు చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్కలేదు.

అక్కమ్మ చాట పక్కన పెట్టి, చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి నడిచింది. తెల్లచీర రెండు నిమిషాల్లో ఒంటికి అంటుకుపోయింది. చేతులు రెండూ చాపి నిలబడింది. ఎదురింట్లోంచి చెంగమ్మ, జొరమొస్తాది లోపలికి పో అని అరిచింది. రానీ వదినా అంది అక్కమ్మ. స్వామికి, మేఘానికి, గోడెక్కిన చీమలకు, అందరికీ మనసులో పేరుపేరునా మొక్కుకుంది.

వెనక్కి తిరిగేసరికి చూరు కింద కొడుకు నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూసి ఆమె చేతులు దించేసింది.

“నైరుతి గాలులు పదిరోజులు ముందే వచ్చేసినాయంట,” అన్నాడు. ఫోను ఆమె వైపు తిప్పాడు. ఆమెకు ఆ గీతలు అర్థం కావు. గీత కిందికి దిగుతోందని మాత్రం అర్థమైంది. “ఏసీల షేర్లన్నీ పడతాండాయి. రేపు ఇంకా పడతాయి. పొద్దున పార్టీ మాట పుకారుమా. ఇది పుకారు కాదు, నీళ్ళు.”

“శేఖరా.”

“వాన పడింది గదా. ఇప్పుడన్నా విప్పు. మూడున్నరకు మూసేస్తారు.”

అక్కమ్మ కాళ్ళు కడుక్కుంది. పొడి చీర చుట్టుకుంది. దీపం వెలిగించి, కర్పూరం ముట్టించి, గూట్లోంచి ముడుపు తీసింది. కొడుకు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నా ఆమె తొందరపడలేదు. మూడు ముళ్ళూ విప్పి పదకొండు రూపాయలు స్వామి ముందు పెట్టింది. ఫోను చేతికి తీసుకుంది.

అది చల్లగా, నల్లగా ఉంది. నిన్నటితో దానిలో చార్జి అయిపోయింది.

కోమలి ప్లగ్గు పెట్టింది. కరెంటు ఇంకా పోలేదు, అదే భాగ్యం.

“వానకు ఇంట్లో నాకు సిగ్నలు పోయింది,” అన్నాడు మునిశేఖర్. “వీధి చివర టీ కొట్టు కాడికి పోయి అమ్మేదానికి పెడతా. మెసేజి వస్తానే కేకెయ్యండి. బిన్నా, ఆలస్యం చేయొద్దు.” తల మీద గోనెసంచి కప్పుకుని వానలోకి పరిగెత్తాడు.

ఫోను వెలిగేసరికి మూడుంపావు అయింది.

అది వెలిగిందని చూసి కోమలి చెయ్యి చాపింది. “ఇట్లియ్యి అత్తా, నేను సూస్తా.”

“నాకు వచ్చు గదా. నేనే సూస్తా.”

“బిన్నా కావాల గదా.”

“కొత్తది వచ్చేవరకు ఏముండాదో సూస్తాన్లే.”

కోమలి చేతిని వెనక్కి తీసుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది.

ఇంగ్లీషు అక్షరాలు అక్కమ్మకు రావు. అంకెలు వచ్చు. ఆరంకెల మెసేజి రూపం ఆమెకు బాగా తెలుసు, ఎన్నోసార్లు కొడుక్కి చదివి చెప్పింది. బటను నొక్కుతూ పోయింది. రీచార్జి వాళ్ళది ఒకటి. బ్యాంకుది ఒకటి. ఆ తర్వాతది చూసి ఆగింది.

ఆరంకెలు. పైన తేదీ. గోడ మీద క్యాలెండరు చూసి సరిపెట్టుకుంది. సోమవారం. పదకొండూ ఇరవై.

సోమవారం పదకొండూ ఇరవైకి మునిశేఖర్ లైనులో ఉన్నాడు. అతని ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంది.

ఆ ఖాతా కాగితాలు నింపింది, దాన్ని ఫోన్లో ఎట్లా వాడాలో మొగుడికి నేర్పింది ఎవరో అక్కమ్మకు తెలుసు.

ఆమె తల ఎత్తి కోడలి వైపు చూసింది. వాన చప్పుడు ఇల్లంతా నిండి ఉంది.

“నువ్వు వాన వస్తాదంటివి అత్తా,” అంది కోమలి. “టీవీ రాదనింది. నేను నిన్నే నమ్మినాను.”

“అమ్మబోయినావా?”

“నా ఫోన్లో పెట్టినాను. నీ ఫోను గూట్లో మోగింది. నువ్వు పెరట్లో ఉండావు. ముడుపు మోగింది, స్వామి పలికినాడు అని చెంగమ్మత్తకు చెప్తాండావు.”

అక్కమ్మకు గుర్తొచ్చింది. ఆ మోతను వాన కబురనే అనుకుంది. ఆ సంతోషంతో ఆ పూట బెల్లం కూడా పంచింది.

“మరి విప్పలేదేమి?”

“ముడి మీద చెయ్యి పెట్టినాను. రెండు నిమిషాలు అట్లనే నిలబడినాను. నీ మొక్కు అత్తా. నేను విప్పి వాన రాకపోతే...” కోమలి మాట ఆగిపోయింది. “బోరు డబ్బు నా చేతుల్లోనే పోయింది. ఆయనకు తెలిస్తే నన్ను ఈ జన్మకు క్షమించడు. సెప్పకుండా అమ్మబోయినందుకు ఒకసారి, అమ్మకుండా వదిలినందుకు ఇంకొకసారి.”

అక్కమ్మ ఫోను వైపు చూసింది. ఆ అంకెలను చదివే కళ్ళు తనకు ఇచ్చింది ఈ పిల్లే. వేలిముద్ర కాలంలో అయితే ఇవి ఈగలు వాలిన గుర్తుల్లా ఉండేవి. తన చీమలను నమ్మినది ఊరు మొత్తం మీద ఈ పిల్ల ఒక్కతే. తన ముడికి విలువ ఇచ్చి నష్టపోయిందీ ఈ పిల్లే.

“పిచ్చిదానా,” అంది. “నేను కట్టింది వాన కోసరం. ఇల్లు మునిగిపోతా ఉంటే విప్పొద్దని స్వామి యాడ సెప్పినాడు? ఒక కేకేసింటే పెరట్లోంచి వచ్చి నేనే విప్పుందును.”

కోమలి కొంగు నోట్లో కుక్కుకుంది.

చేతిలో ఫోను టింగుమని మోగింది. కొత్త మెసేజి. ఆరంకెలు.

వీధి చివర నుంచి కేక వినిపించింది. “మా, వచ్చిందా? నెంబరు సెప్పు. పది నిమిషాలే ఉండాది.”

“వచ్చింది నాయనా,” అని అక్కమ్మ గట్టిగా పలికింది.

“వానలో వినపడలే. ఉండు, నేనే వస్తాండా. ఫోను నా చేతికియ్యి.”

అతని చేతికిస్తే అతను కొత్తదాని కిందే ఉన్న పాతది కూడా చూస్తాడు. అత్తా కోడలూ ఇద్దరికీ అది ఒకేసారి తట్టింది.

అక్కమ్మ ఫోనును కోడలి ముందు పట్టుకుంది.

“ముగ్గును చీపురుతో తుడిపేది నాకు వచ్చు. దీన్ని తుడిపేది నువ్వు ఇంకా నేర్పలే. ఇప్పుడు నేర్పు.”

కోమలి ఫోను అందుకుంది. వేలు బటను మీద పెట్టింది. సోమవారం ముడి మీద చెయ్యి ఆగినట్టే, ఇప్పుడు ఆ వేలూ అక్కడే ఆగింది.

వాకిట్లో నిలిచిన నీళ్ళను తొక్కుకుంటూ వస్తున్న అడుగులు చూరు కిందికి చేరాయి.